కాగితం చదువుకి కాలేజీ కావలెను

కంప్యూటర్ సైన్స్ సీటు రాని కుర్రాణ్ణి మనవాళ్లు ఓదారుస్తారు. వచ్చినా వద్దన్నవాణ్ణి డాక్టరుకి చూపిస్తారు. పల్ప్ అండ్ పేపర్ ఇంజినీరింగు చదువుతానన్నవాణ్ణి ఏం చెయ్యాలో మాత్రం ఏ తండ్రికీ తోచదు. "చిత్తుకాగితాలు ఏరుకోడానికి బీటెక్ దేనికిరా?" అంటాడు.

కాగితం పనైపోయిందని మేనమామ తేల్చేస్తాడు, పేపరు కప్పులో టీ తాగుతూ. గుమ్మంలో ఆన్‌లైన్‌లో తెప్పించిన మిక్సీ తాలూకు అట్టపెట్టె ఉంటుంది. రాజమండ్రిలో, సారపాకలో మిల్లులు నడుస్తూనే ఉన్నాయి. కాగజ్‌నగర్ మిల్లయితే 2014లో మూతపడి, 2018లో లేచి కూర్చుంది. కాగితం బతికుందో లేదో మేనమామని కాదు, కాటా దగ్గర లైన్లో నిలబడ్డ సుబాబుల్ రైతుని అడగాలి.

సరే, కాలేజీ. మన దేశంలో ముందు వినపడేది సహారన్‌పూర్. 1964లో స్వీడన్ ప్రభుత్వ సాయంతో పుట్టిన సంస్థ, ఇప్పుడు ఐఐటీ రూర్కీలో భాగం. ఐఐటీ అనగానే తండ్రి ముఖం వెలుగుతుంది, సహారన్‌పూర్ అనగానే ఆరిపోతుంది. చుట్టాల దగ్గర రెండో మాట మింగేస్తే సరి, అంటుంది తల్లి.

అమెరికా అయితే ఇంకా సుఖం. ఒహాయోలో మయామి యూనివర్సిటీ అని ఒకటుంది. ఫ్లోరిడా మయామితో దానికి చుట్టరికం లేదు. 1809 నాటిది, కెమికల్ ఇంజినీరింగుతో పాటు కాగితం చదువుకీ పేరున్నది. అది ఉన్న ఊరి పేరు ఆక్స్‌ఫర్డ్! "మావాడు ఆక్స్‌ఫర్డ్‌లోనండీ" అని ఒక్క అబద్ధమూ ఆడకుండా పెళ్లిళ్లలో చెప్పుకోవచ్చు. ఇంత లాభముండగా, కలమజూలోని వెస్టర్న్ మిషిగన్ యూనివర్సిటీకి సొంతంగా కాగితం తీసే పైలట్ మెషినుందంటే ఎవరిక్కావాలి?

అసలు ఆరా తియ్యాల్సింది ఆ మెషిను సంగతే. చెక్కముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ వేసి ఉడకబెట్టడం, మిగిలిన బ్లాక్ లిక్కర్‌ని రికవరీ బాయిలర్‌లో మండించి ఆవిరినీ రసాయనాల్నీ తిరిగి రాబట్టడం... బోర్డు మీద ఇదంతా రెండు పెట్టెలు, నాలుగు బాణాలు. మిల్లులో నిలబడితే కుళ్లిన గుడ్ల కంపుతో సహా బోధపడుతుంది. నడుస్తున్న మెషిను మీద తడి కాగితం పుటుక్కున తెగితే ఎటు పరిగెత్తాలో ఏ నోట్సులోనూ ఉండదు. పిల్లల్ని మిల్లుకి ఎన్ని నెలలు పంపుతారు, అక్కడ పని ముట్టనిస్తారా, గేటు దగ్గర ఫొటో తీయించి తీసుకొచ్చేస్తారా అని అడగాలి. బ్లాక్ లిక్కర్ మాట మాత్రం తల్లి ముందు ఎత్తకపోవడం మంచిది.

తండ్రి అడిగేవి వేరు. హయ్యెస్ట్ ప్యాకేజీ ఎంత? మనవాళ్లెవరైనా ఉన్నారా? ఏసీ ఉందా?

ఉందండి. పేపర్ టెస్టింగ్ ల్యాబులో 23 డిగ్రీలు, గాలిలో తేమ 50 శాతం. అంతర్జాతీయ ప్రమాణమే అది. కాగితం ఆ చల్లదనంలో గంటల తరబడి సేద తీరాక గానీ దాని బలం కొలవరు. హాస్టల్లో పిల్లాడి సంగతి వేరే. తండ్రి "ఉందండి" వరకే విని ఫీజు కట్టేస్తాడు.