పైకప్పు తడిమి చూసుకోండి

2018లో అమెరికాలో టెస్లా మోడల్ 3 బుక్ చేసుకున్నవాళ్లకు ఒక కొత్త అలవాటు పట్టుకుంది. డెలివరీ కేంద్రానికి వెళ్లగానే కారులో కూర్చోవడం, తల పైకెత్తడం, పైకప్పు లోపలి బట్టను వేళ్లతో తడమడం. మెత్తగా మఖ్మల్‌లా తగిలితే అదృష్టవంతులు. గరుగ్గా తగిలితే మాత్రం పక్కింటాయన కారును తలుచుకుని కుమిలిపోవాలి. ఎందుకంటే 5,000 డాలర్ల ప్రీమియం ప్యాకేజీ కట్టిన తొలి కార్లకు పైన ఆల్కంటారా అనే బట్ట వేసిన కంపెనీ, ఆ తర్వాత అదే ప్యాకేజీలో మామూలు బట్ట వేయడం మొదలుపెట్టింది. డప్పు లేదు, చాటింపు లేదు. ప్యాకేజీ పేరులో ‘ప్రీమియం’ మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంతకీ జనం ఇంత బెంగపెట్టుకున్న ఆ ఆల్కంటారా ఏ పట్టుపురుగు పుణ్యమో అనుకునేరు. 1970లో జపాన్‌లోని టోరే కంపెనీ శాస్త్రవేత్త మియోషి ఒకమోటో కనిపెట్టిన సరుకది. ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో తయారవుతుంది. సుమారు 68 శాతం పాలిస్టర్, మిగిలింది పాలీయురెథేన్. అంటే పైకప్పు నుంచి మాయమైంది ఒక ఖరీదైన ప్లాస్టిక్ బట్ట. అయినా ఆ బెంగను తీసిపారేయడానికి లేదు. వాళ్లు డబ్బు కట్టింది బట్ట కులగోత్రాలకు కాదు, వేలికి తగిలే మెత్తదనానికి. అదే పోయింది.

ఒకప్పుడు కారు మారడానికి ఒక పద్ధతుండేది. ఏడాదికో కొత్త మోడల్, దానికో విడుదల సభ, మెడలో దండ వేసుకున్న కారు, పత్రికలో అరపేజీ ప్రకటన. షోరూం కుర్రాడు కూడా చెవిలో చెప్పేవాడు, “సార్, దసరాకి ఆగండి, కొత్తది వస్తోంది” అని. విద్యుత్ కార్ల కంపెనీలు ఈ సంబరాలన్నీ ఎత్తేశాయి. మోడల్ ఎస్‌లో సగటున వారానికి ఇరవై ఇంజినీరింగ్ మార్పులు జరుగుతుంటాయని టెస్లా అధినేత ఎలాన్ మస్క్ ఒకప్పుడు గర్వంగానే చెప్పాడు. మార్పులు వద్దనుకునేవాళ్లు తప్పు కారు కొంటున్నట్టేనని 2017లో హితవు కూడా పలికాడు. కాబట్టి మంగళవారం తయారైన కారు, బుధవారం తయారైన కారు అన్నదమ్ములే కావచ్చు, కవలలు మాత్రం కావు. ఏ రోజు ఏ అన్న పుట్టాడో కొనేవాడికి తెలిసేది ఇంటికి తెచ్చుకున్నాకే.

న్యాయంగా చెప్పాలంటే అన్ని మార్పులూ కోతలే కావు. మోడల్ 3 ముందు సీట్ల మధ్య పెట్టె మీద ఒకప్పుడు నిగనిగలాడే నల్లటి పూత ఉండేది. దాని మీద వేలిముద్రలు పోలీసు రికార్డుకు సరిపోయేంత స్పష్టంగా పడేవి. 2020 చివర్లో ఆ మెరుపు తీసేసి మసక నలుపు పెట్టారు. అప్పుడు ఏడ్చినవాళ్లు ముందు కొన్నవాళ్లు.

2021లో మోడల్ 3, మోడల్ వై కార్లలో ముందు ప్రయాణికుడి సీటుకు నడుము ఆసరా సర్దుకునే ఏర్పాటు మాయమైంది. అడిగినవాళ్లకు మస్క్ ఇచ్చిన సమాధానం ఏమిటంటే, కార్ల నుంచి వచ్చిన లెక్కల్లో దాన్ని ఎవరూ పెద్దగా వాడినట్టు లేదు, అందరి మీదా ఆ ఖర్చూ బరువూ ఎందుకని. ఈ లెక్కలోని తమాషా చూడండి. నడుముకు తగ్గట్టు ఒకసారి సర్దుకున్నవాడు మళ్లీ ఆ బటన్ జోలికి వెళ్లడు. హాయిగా వెనక్కి వాలి కూర్చుంటాడు. ఆ హాయి ఏ లెక్కలోనూ నమోదు కాదు. బటన్ నొక్కలేదన్నది మాత్రం నమోదవుతుంది. ఈ లెక్కన ఎయిర్‌బ్యాగును మించి వాడకం లేని వస్తువు కారులో ఇంకోటి లేదు. ఆ సంగతి పైకి గట్టిగా అనకపోవడమే మంచిది.

కోతకు అన్నిసార్లూ ఇంత గొప్ప తర్కం కూడా ఉండదు. 2021 నవంబరులో చిప్‌ల కరువొచ్చి కొన్ని టెస్లా కార్లు యూఎస్‌బీ పోర్టులు లేకుండానే యజమానుల ఇళ్లకు చేరాయి. పోర్టు ఉండాల్సిన చోట వేలు పెట్టి చూసుకున్నాకే చాలామందికి విషయం అర్థమైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఇంకో సంగతి బయటికొచ్చింది. చైనాలో తయారైన కొన్ని కార్ల స్టీరింగ్‌లో ఉండాల్సిన రెండు ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లలో ఒకటి తీసేశారని, కొన్నవాళ్లకు ఆ మాట చెప్పలేదని సీఎన్‌బీసీ వార్త. పైకప్పు బట్ట పోతే ఏడవడానికి కనీసం కంటికి కనిపిస్తుంది.

ఈ వరసలో అన్నిటికన్నా ముద్దొచ్చే ఘట్టం 2020 సెప్టెంబరులో జరిగింది. కొత్త మోడల్ వై కార్ల లోపల చల్లబరిచే కండెన్సర్‌ను కొందరు విప్పి చూశారు. కొన్ని కార్లలో దాన్ని ఒక తాడులాంటి పట్టీతో బిగించి, పట్టీ ఒరుసుకోకుండా అంచు మీద చెక్క డిజైన్ ఉన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి పెట్టి ఉంది. ఇంటి గోడమూలలకు అతికించడానికి హార్డ్‌వేర్ షాపులో కొనుక్కునే రకం ముక్క. దాని మీద గీతలు చూస్తే టేకో, వేపో తేల్చుకోవడం కష్టం. కారు లోపలి అలంకరణలో చెక్క వాడకం గురించి బ్రోషర్లు రాసేవాళ్లు ఈ ముక్కను ఎలా వదిలేశారో అర్థం కాదు.

కంపెనీలు ఇలా ఎందుకు చేయగలుగుతాయంటే, ఒక్క చార్జికి ఎన్ని కిలోమీటర్లు వెళ్తుంది, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు పడుతుంది అన్నవి అంకెలు. అంకెకు కోర్టులో విలువుంది. మెత్తదనానికి అంకె లేదు. కారు లోపలి బట్టలు, స్పాంజి, ప్లాస్టిక్ గురించి అమెరికా ప్రభుత్వం పెట్టిన 302వ నంబరు భద్రతా ప్రమాణం 1972 నుంచి అమల్లో ఉంది. నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించిన వేగంతో కాలకూడదు, అంతే. కాలే వేగానికి హద్దుంది. గరుకుదనానికి లేదు. కాబట్టి ఖర్చు తగ్గించే కత్తెర ఎప్పుడూ అంకె లేని చోటే పడుతుంది.

కత్తెరకు ఆకుపచ్చ రంగు వేయడం తర్వాత వచ్చిన కళ. దీనికి మంచి ముఖం ఒకటుంది, అది ముందు చెప్పుకోవాలి. 2013లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐ3 తలుపుల లోపలి పలకలకు గోగునార వాడారు. మన గోంగూర బంధువే. శ్రీకాకుళం, విజయనగరం రైతు చెరువులో నానబెట్టి, ఒలిచి, ఆరబెట్టి అమ్మే రకం నారను జర్మన్ కంపెనీ దాచకుండా, చారలు కనిపించేలా తలుపుకు బిగించి, ఇదే మా గొప్ప అని చెప్పుకుంది. తోలు పదును చేయడానికి ఆలివ్ ఆకుల రసం వాడామనీ చెప్పింది. కియా తన ఈవీ6 లోపల వందకు పైగా నీళ్ల సీసాలకు సమానమైన పాత ప్లాస్టిక్ ఉందని లెక్కగట్టి మరీ ప్రకటించింది. చెప్పి చేసినప్పుడు ఎవరికీ పేచీ లేదు. సీసాలు ఇష్టమైనవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు.

పేచీ వచ్చేది తోలు పోయి ‘వీగన్ లెదర్’ వచ్చినప్పుడు. పర్యావరణం, జంతుకారుణ్యం, నాజూకుతనం అన్నీ కలిపి దాన్ని వర్ణిస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో సీటు కవర్లు కుట్టే మనిషి ముందు ఆ ముక్క పెడితే ఏం చేస్తాడో ఊహించడం కష్టమేమీ కాదు. బొటనవేలితో నొక్కి, మడతపెట్టి, తిరగేసి వెనకనున్న గుడ్డ నేత చూసి, “రెగ్జినే సార్, మంచి క్వాలిటీ” అంటాడు. తర్వాత శాంపిల్ ముక్కల కట్ట తీసి ముందు పడేస్తాడు. ఎంచుకున్న ముక్క నంబరు బిల్లు మీద రాస్తాడు. కుట్టిన కవరు ఆ ముక్కలా లేకపోతే బాకీ డబ్బు రాదని అతనికి తెలుసు.

లక్షల్లో అమ్మేవాళ్లకు ఆ భయం లేదు, బ్రోషర్ చివరి పేజీ ఉంది కాబట్టి. భూతద్దం పెట్టుకుంటే తప్ప చదవలేని అక్షరాల్లో దాదాపు ప్రతి కంపెనీ రెండు వాక్యాలు అచ్చు వేస్తుంది. ముందస్తు నోటీసు లేకుండా మార్పులు చేసే హక్కు మాకుంది. బొమ్మలో కనిపించేవన్నీ కారుతో పాటు రాకపోవచ్చు. ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టే ప్రకటన తప్పుదోవ పట్టించేదేనని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అంటోంది. నడుము ఆసరా ముఖ్యమైన సమాచారమా కాదా అన్నది మాత్రం నడుమును బట్టి ఉంటుంది. 2025 జులైలో ముంబైలో తలుపులు తెరిచిన టెస్లా, షాంఘైలో తయారైన మోడల్ వైకి 59.89 లక్షల నుంచి ధర పెట్టింది. ఆ డబ్బు పోసేవాళ్లు చివరి పేజీ చదివే కొంటున్నారనే ఆశిద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు ఎత్తేసింది. అలా మిగిలిన డబ్బులో కొంత ఎలాగూ సీటు కవర్లకే పోతుంది.

చెప్పి చేసే కోతలోనూ వినోదం తక్కువేం కాదు. 2025 అక్టోబరులో టెస్లా చవక రకం మోడల్ వై ప్రకటించింది. సీట్లకు బట్ట, వెనకవాళ్లకు తెర లేదు, రేడియో లేదు. పైన అద్దం కప్పు మాత్రం అలాగే ఉంది, కాకపోతే లోపల కూర్చున్నవాళ్లకు కనిపించకుండా దాని కింద బట్ట కప్పేశారు. ఆకాశం చూడాలంటే అదనంగా కట్టాలి. అద్దానికి డబ్బు ఎలాగూ ఖర్చయింది, మిగిలింది బట్ట అడ్డం పెట్టడమే. 2018లో పైకప్పు బట్ట గురించి పేచీ పెట్టినవాళ్లు ఇది చూసి ఏమనుకున్నారో.

జనం గోల చేస్తే వెనక్కి తగ్గే కంపెనీలూ ఉన్నాయి. ఫోక్స్‌వాగన్ ఐడీ.3 2020లో వచ్చినప్పుడు లోపలంతా గట్టి ప్లాస్టిక్ అని తిట్లు తింది. 2023 మార్పుల్లో తలుపులకూ డ్యాష్‌బోర్డుకూ మెత్తటి పొరలు వచ్చాయి. టెస్లా కూడా ఒక విషయంలో మెట్టు దిగింది. 2023లో మోడల్ 3కి మెరుగులు దిద్దేటప్పుడు ఇండికేటర్ కాడ తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది. మలుపు తిరుగుతుంటే బటన్ స్టీరింగుతో పాటు తిరిగిపోతుంది, దాన్ని వెతుక్కుంటూ వేళ్లూ తిరగాలి. రెండేళ్ల తర్వాత చైనాలో కాడ మళ్లీ వచ్చింది. కాడ లేకుండా కొన్నవాళ్లు కావాలంటే బిగించుకోవచ్చు, 2,499 యువాన్లు. ఈ మార్పును మాత్రం కంపెనీ ఎక్కడా దాచలేదు, ధరతో సహా ప్రకటించింది.