ఎనభై అయిదుకి కరిగి, నలభైకి గడ్డకట్టి

వంటింట్లో నా పేరు చైనాగ్రాస్, ల్యాబుల్లో అగర్. ఎర్రనాచు కణాల గోడల్లో పుట్టాను. తమిళనాడులోని మండపం తీరాన ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నీళ్లలో మునిగి, రాళ్లకు పట్టిన నాచును చేత్తో పీకి తెస్తారు. దాన్ని ఉడికించి, వడగట్టి, ఆరబెడితే నేను.

నూరు మిల్లీలీటర్ల నీళ్లలో గ్రామున్నర వేసి మరిగించండి. నా పొడుగాటి గొలుసులు దేనికది విడిగా తిరుగుతుంటాయి. చల్లారేకొద్దీ రెండేసి మెలిపడతాయి, ఆ మెలికలు కట్టలవుతాయి, నీళ్లన్నీ వాటి మధ్య చిక్కుకుంటాయి. నలభై డిగ్రీలు దాటి కిందికి దిగానంటే గడ్డకడతాను. మళ్లీ నలభైకి వేడిచేస్తే? కరగను. ఆ కట్టలు విడిపోవాలంటే దాదాపు 85 డిగ్రీలు కావాలి. ఈ తేడాలోనే ఉంది నా విలువంతా.

ఆ సంగతి ల్యాబులో పనికొస్తుందని ముందు పట్టుకున్నది ఫానీ హెస్సె. 1881లో ఆమె భర్త వాల్తర్, క్రిముల్ని పరిశోధించే రాబర్ట్ కోహ్ దగ్గర పనిచేసేవాడు. సూక్ష్మజీవుల్ని జెలటిన్ మీద పెంచితే ఎండాకాలంలో అది నీరయ్యేది, కొన్ని క్రిములైతే దాన్నే తినేసేవి. జావాలో ఉండి వచ్చిన పొరుగువాళ్ల దగ్గర నా వాడకం నేర్చుకున్న ఫానీ, జెలటిన్ బదులు నన్ను వాడి చూడమంది. శరీరపు వేడిలో ఉంచినా నేను కరగలేదు. చాలా క్రిములకు నన్ను అరిగించుకోవడం చేతకాదు. 1882లో క్షయ క్రిమి గురించి కోహ్ రాసిన పత్రంలో నా ప్రస్తావన ఉంది. ఆమె పేరు లేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇప్పటి ల్యాబుల్లో నా గతి చెబుతాను. కరిగించి బల్లమీద పెట్టి ఫోను పట్టుకుంటారు. వచ్చి పోసేసరికి ప్లేటంతా గడ్డలు. సీసాలో మిగిలినదాన్ని మళ్లీ మళ్లీ మరిగిస్తారు. వేడికి, అందులోనూ పులుపున్న ద్రావణంలో, నా గొలుసులు తెగిపోతాయి. ఇక ఎంత చల్లార్చినా జావగానే ఉండిపోతాను. నిలవున్న ప్లేట్లలో నా కట్టలు ఇంకా బిగుసుకుని నీళ్లు కక్కుతాయి. మూత తీసి, ఆ తడి చూసి విసుక్కుంటారు.

క్రిముల్ని మోసి, 121 డిగ్రీల ఆవిరిలో ఉడికి, సంచిలో పోవడం నాకు కష్టమనిపించదు. చేసిన పనికి అదే ముగింపు. తేదీ రాయకుండా ఫ్రిజ్ వెనక్కి తోసేసిన ప్లేట్లున్నాయే, వాటి సంగతి వేరు. ఒక్క క్రిమీ వాలకుండానే నీరంతా ఇంకి, అంచులు వదిలి, పల్చటి పొరగా ముడుచుకుపోతాను. అలా మరిచిపోయినవాళ్ల మీదే నా కోపమంతా.