ఎదిగే పిల్ల కొలత

తమిళనాడులో 1965లో సేలం నుంచి ధర్మపురి, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి విడిపోయి జిల్లాలు మూడయినా, అక్కడి తెలుగు ఇళ్లలో అవ్వలు పాటించే పండుగ బట్టల శాస్త్రం మాత్రం ఏ గీత దగ్గరా మారలేదు. ఉగాదికైనా దీపావళికైనా మనవరాలికి పావడ కుట్టేటప్పుడు ఎదురుగా నిలబడిన పిల్ల కొలతను కాక, రెండేళ్ల తరువాత ఆ పిల్ల ఎంతవుతుందో ఆ కొలతను తీసుకోవాలన్నది ఈ శాస్త్రానికి మూలసూత్రం.

అందుకే పావడ అంచుకు పైన రెండు మూడు టక్కులు, అంటే ఏటా ఒకటి విప్పి పొడవు పెంచుకునేందుకు గుడ్డను మడిచి వేసే అడ్డకుట్లు, తప్పక ఉంటాయి. రవికె పక్కకుట్లలోనైతే ఇంకో రవికెకు సరిపడేంత గుడ్డ దాగి ఉంటుంది. పండుగనాడు ఆ పిల్ల కుచ్చిళ్లను రెండు చేతులా ఎత్తిపట్టుకుని గడప దాటుతుంటే నవ్వబోయినవారి నోళ్లు "ఎదిగే పిల్ల కదా" అన్న ఒక్క మాటతో మూతపడతాయి. ఆఖరి టక్కు విప్పేనాటికి పావడంతా వెలిసిపోయి, మడతలో దాగిన గుడ్డ మాత్రం కొత్త రంగుతో అడ్డగీతలుగా బయటపడుతుంది గానీ, అవ్వల లెక్కలో అది కూడా డిజైనే.

ధర్మపురి పట్టణంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. సుమారు కిలోమీటరు పొడవు దారాన్ని ఒంటరిగా వడికి, సరిగ్గా తన ఒంటికి పట్టేంత గూడు అల్లుకుని, ఎదుగుదలకు ఒక్క టక్కయినా వదలని పట్టుపురుగును, ఈ శాస్త్రం ప్రకారం, అనుభవం చాలని దర్జీగానే లెక్కించవలసి ఉంటుంది.

మెడ చుట్టూ గొలుసుకుట్టు వేయడం, అంటే దారాన్ని ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చులోకి లాగుతూ పోవడం, అవ్వ పని. దారం కొసను నాలుకకు తడిపి, వేళ్ల మధ్య పేనిన తరువాత కూడా సూదిబెజ్జం కనిపించనప్పుడు ఎక్కించి ఇవ్వడం మనవరాలి పని. ఇలా బట్ట ఎవరికో వారిచేతే చాకిరీ చేయించుకోవడం ఈ విద్యలోని చమత్కారం.

ధర్మపురి జిల్లాలోనే ఉన్న సిట్టిలింగి లోయలో లంబాడీ తండాల కుట్టుపని, కట్టు మారి మిల్లు చీరలు వచ్చాక, దాదాపు మరుగున పడింది. 1993లో అక్కడ వైద్యసేవ మొదలుపెట్టిన రెజీ జార్జ్, లలిత దంపతులలో లలిత చొరవతో, అది గుర్తున్న కొద్దిమంది పెద్దవాళ్ల దగ్గర చిన్నవాళ్లు నేర్చుకోగా, 'పోర్గై' అనే మహిళా సంఘం ఏర్పడి ఆ పనికి మళ్లీ గిరాకీ తెచ్చింది. సూది పట్టని మధ్య తరాన్ని మాత్రం తక్కువ చేయరాదు. తెలుగు ఇళ్లలో పండుగ ఉదయం అవ్వ శాస్త్రానికీ పిల్ల నడుముకూ రాజీ కుదిర్చే సేఫ్టీ పిన్నులు తల్లి చేతిలోనే ఉంటాయి.

కనుక అవ్వ కుట్టిన పావడ పొడవైందని దర్జీ దగ్గరికి పరుగెత్తి కత్తిరించవద్దని తల్లులకు మనవి. ఇంకో టక్కు వేస్తే సరిపోతుంది, తరువాత చెల్లెలికీ వస్తుంది.