సంజాయిషీ తండ్రి

దసరా పండుగ 75 దినములు జరుగు జగదల్పురములో ఒక సంగతిని సాగదీయుట వింత గాకపోవచ్చును గాని, కొమారుని పదునొకండవ తరగతి రసాయనశాస్త్రపు మార్కులను సంవత్సరము పొడుగునను సాగదీసి, గోల్‌బజారు దుకాణముల ముందరను, దల్పత్‌సాగరము గట్టునను, కడకు దంతేశ్వరి గుడిలో కొబ్బరికాయ చేతబట్టుకొనియు, అడిగినవారికిని అడుగనివారికిని వినిపించుటకు సంజాయిషీ తండ్రియే కావలయును. వంశము మాట వచ్చినచో తమవారు ఓరుగంటినుండి అన్నమదేవుని వెంట బస్తరు చేరిరనును. తాతగారు బట్టలమూటతో సాలూరు ఘాటు మీదుగా లారీలో వచ్చిరని యెరిగినవారు మర్యాదకు మిన్నకుందురు.

కుర్రవాడు బుద్ధిమంతుడు. పండ్రెండవ తరగతిలో అన్నిటను మంచి మార్కులే. పదునొకండులో మాత్రము ఆ ఒక్క సబ్జెక్టున 36. గట్టెక్కుటకు 33 చాలును గనుక మూడు మిగులు కూడ కలదు. అయితే ఆ మాస్టారు సమీకరణము తుల్యము గానిచో తక్కిన పుటయంతయు ముత్యములవలె నున్నను సున్న చుట్టు మనిషి. ఇందు అన్యాయ మేమున్నదో నాకు తోచదు, తండ్రికి తోచినది.

"ఆయన మహా స్ట్రిక్టండీ. క్లాసు ఫస్టు వచ్చినవాడికే అరవై ఒకటి" అని మొదట చెప్పెను. వేసవి ముదురునప్పటికి ఆ ప్రథమునికి 52 అయ్యెను. వానలు పడి ఇంద్రావతి పొంగుచుండగా 44కు దిగెను. దిగజారుట ఇట్లే సాగినచో మరి రెండు నెలలలో తన కొడుకే ప్రథముడగు ననుటలో సందేహము లేదు.

"నాన్నా, అది స్కూలు పెట్టుకున్న పరీక్ష. పన్నెండో క్లాసువే చూస్తారు" అని కుర్రవాడు మొత్తుకొనెను. వినువా డెవడు? ఊరిలోనే కాకతీయుల పేరిట ప్రభుత్వ కళాశాల యున్నను, చదువు ఆంధ్రలోనే సాగవలెనని తండ్రి పట్టుబట్టెను. అక్కడ డిగ్రీ ప్రవేశములు 2020 నుండి అంతర్జాలమున కెక్కుటచే ఆతనికి తగిలిన దెబ్బ యింతంత కాదు: దరఖాస్తులో పేరునకు గడి, పుట్టినతేదీకి గడి, కులమునకు గడి కలవు గాని, మాస్టారి స్వభావము వ్రాయుటకు గడి లేదు. కంప్యూటరు కొట్టువానిని రెండుమారులు వెదకించెను.

కావున స్వయముగా విన్నవించుటకు బిడ్డతో విశాఖ బండి యెక్కెను. ఈ దారినే 65 శాతమునకు పైబడి ఇనుము గల బైలడిల్లా ఖనిజము 1960ల నుండి రేవునకు దిగుచున్నది. దానిని కొనిన జపానువారు తక్కిన 35 శాతము ఏమైనదని సంజాయిషీ యడిగినట్లు నేను వినలేదు.

కళాశాల గుమాస్తా యెదుట ఫైలు విప్పెను. ప్లాస్టిక్కు తొడుగులో పదునొకండవ తరగతి మార్కుల జాబితా, దాని జిరాక్సులు, కుర్రవాని సత్ప్రవర్తనకు ప్రిన్సిపాలు వ్రాసిన ఉత్తరము, అయిదవ తరగతిలో చిత్రలేఖనమునకు వచ్చిన బహుమతిపత్రముతో సహా వరుసగా నుండెను.

"అయ్యా, ఆ కెమిస్ట్రీ మాస్టారు…"

"అవేవీ మాకొద్దండీ. మీది ఛత్తీస్‌గఢ్ బోర్డు కదా, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఏదీ?"

రాయపురము బోర్డువా రియ్యవలసిన ఆ ఒక్క కాగితము తప్ప ఫైలులో అన్నియు నుండెను. గుమాస్తా తలయెత్తకుండనే గడువు తేదీ చెప్పి, వెనుకనున్న వారిని పిలిచెను.

ఆ రాత్రి కిరందుల్ బండిలో కుర్రవాడు పైబల్ల యెక్కి దుప్పటి ముసుగు దన్నెను. క్రింద తండ్రి పులిహోర పొట్లము విప్పుచు ఎదుటి ప్రయాణికునితో అనుచుండెను: "ఆ గుమాస్తా మహా స్ట్రిక్టండీ. పొద్దుట్నించి ఒక్కణ్ణి కూడా చేర్చుకోలేదు!"