పవర్ చిన్నాయిన

నల్లగొండల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగటి చాయ్ హోటల్ల పొద్దున పదిన్నరకు కూసుంటే డాక్యుమెంట్ రైటర్లు, స్టాంపు వెండర్లు, బ్రోకర్లు, కొనెటోళ్లు, అమ్మెటోళ్లు అందరు కనబడతరు. వీళ్లల్ల ఎవ్వరూ కానోడు ఇంకొకాయన ఉంటడు. అమ్మేది ఆయన భూమి కాదు, కొనేది ఆయన పైస కాదు, కమీషన్ ముట్టడు. అయినా ఆయన రాకుంటే ఆ రోజు పని కదలదు. తెల్ల అంగీ, రెండు జతల కండ్లద్దాలు, నెత్తి మీద ‘డల్లాస్ కౌబాయ్స్’ టోపీ, చంకల రెక్సిన్ సంచి. సంచిల మూడు పాసుబుక్కులు, ఒక ఇంకు ప్యాడు, గమ్ము సీస, అన్న కొడుకుల పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు డజన్లకొద్దీ. ఆఫీసుల ‘మీరెవరు?’ అని అడిగితే నవ్వు కూడ రానియ్యకుండ, ‘అమెరికాల ఉన్న మా అన్న కొడుకును నేనే’ అంటడు. చట్టం ప్రకారం ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఆయనను ఊర్ల అందరు పిలిచేది పవర్ చిన్నాయిన అని. వరుస ఏదైనా సరే, బావ అయ్యెటోడు కూడ పవర్ చిన్నాయిన అనే అంటడు.

నల్లగొండ, పాలమూరుల ప్రతి పెద్ద కుటుంబంల ఇసొంటోడు ఒకడన్న ఉంటడు. రిటైరైన టీచరో, సొసైటీ బ్యాంకుల పనిచేసి దిగినోడో, చదువు ఆగిపోయి ఊర్లనే మిగిలిన తమ్ముడో. అన్న కొడుకులు, అక్క కొడుకులు హైదరాబాద్ మీదికెల్లి డల్లాస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్ పట్టిన్రు. భూములు ఈడనే ఉన్నయి. ఒకప్పుడు ఆ భూములను అడిగినోడు లేడు. బోరేస్తే నీళ్లు పడవు, పడ్డా ఫ్లోరైడు. ఎప్పుడైతే చౌటుప్పల్ అవతల, జడ్చర్ల ఇవతల వెంచర్ల జెండాలు పాతిన్రో, ఎకరం లెక్క పోయి గజం లెక్క వచ్చింది. టెక్సస్ ఫ్రిస్కోల ఉన్న కొడుక్కు ఊరు యాదికొచ్చింది. ఊరి కన్న ముందు సర్వే నంబరు యాదికొచ్చింది.

చిన్నాయిన లా చదవలేదు గని సెక్షన్లు మాత్రం నోటికొచ్చు. ‘విదేశంల ఉన్నోడు ఈడ ఎవుసం భూమి కొనలేడు. తాత ముత్తాతల నుంచి వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాల్నంటే ఈడ ఉండే మనదేశపోడికే అమ్మాలె’ అని విదేశీ మారకం చట్టం ఫెమా రూలు చాయ్ గ్లాసు కింద వెట్టకుండనే చెప్తడు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద భూములు కొనుడు చెల్లదని సుప్రీం కోర్టు 2011ల ఇచ్చిన సూరజ్ ల్యాంప్ తీర్పు పేరు ఆయన నోట్ల ‘సూర్యా ల్యాంప్’ అయితది. పేరు తప్పినా సారం తప్పడు. పవర్ చేతిల ఉంటే భూమి మనదైనట్టు కాదు, సంతకం మాత్రమే మనది. ఈ ముక్క ఆయనకు తెలిసినంత మంచిగ ఆయనను చూసి కుళ్లుకునే చుట్టాలకు తెల్వదు.

అసలు తకరారు ఫ్రిస్కో కొడుకుతోని మొదలైతది. ఆ పోరడికి అన్ని పనులు ఫోన్లనే అయిపోవాలె. పిజ్జా ఫోన్ల, పెండ్లి సంబంధం ఫోన్ల. తాత భూమి అమ్ముడు ఎందుకు కాదు?

‘చిన్నాయినా, నోటరీ అయిపోయింది. ఆన్‌లైన్ల చేసిన. పది నిమిషాల పని. నీ వాట్సప్‌కు పంపిన చూడు.’

అబద్ధం కాదు. అమెరికాల వర్జీనియా రాష్ట్రం 2012 జులై నుంచే వీడియో కాల్ మీద నోటరీ చేయనిచ్చింది. తర్వాత టెక్సస్, కరోనా నడిమిట్ల ఇంకా మస్తు రాష్ట్రాలు అదే దారి వట్టినయి. ఫ్లోరిడ చట్టమైతే ఆన్‌లైన్ నోటరీ 25 డాలర్లకు మించి తీసుకోవద్దని రేటు కూడ కట్టింది. కెమెరా ముంగట పాస్‌పోర్టు చూపెట్టాలె. నువ్వు నువ్వేనా అని తెలుసుకునేటందుకు కంప్యూటర్ అయిదు ప్రశ్నలేస్తది. టైము రెండు నిమిషాలు, నాలుగన్న కరెక్టు చెప్పాలె.

‘ఏం అడిగింది బిడ్డా?’ అన్నడు చిన్నాయిన.

‘అమెరికాకు వచ్చిన కొత్తల ఏ వీధిల కిరాయికున్న, కింది నాలుగు కార్లల్ల ఏ కారుకు లోన్ తీసుకున్న... ఇట్లాంటియి.’

‘మీ తాత పేరడిగిందా?’

‘లేదు.’

‘సర్వే నంబరు? బత్తాయి తోటకు ఉత్తరం హద్దు ఎవరిది?’

‘అవన్నీ దానికెట్ల తెలుస్తయి చిన్నాయినా!’

‘తెల్వకుంటే, కారు లోన్ యాదికున్నోడికి తోట అమ్మే హక్కున్నదని అదెట్ల ఒప్పుకున్నదిరా?’

ఆ కొడుకు దగ్గర దీనికి జవాబు లేదు. నిజానికి నా దగ్గర కూడ లేదు.

చిన్నాయిన ఆ పీడీఎఫ్‌ను జిరాక్స్ షాపుల ప్రింటు తీపిచ్చిండు. కాయితాన్ని కిటికీ ఎలుగుకు ఎత్తి పట్టిండు. తర్వాత కండ్లద్దాలు తీసి పక్కకు పెట్టి, కండ్లు మూసుకొని, ముద్ర ఉన్న జాగ మీద బొటనవేలు మెల్లగ రుద్దిండు. రెండోసారి రుద్దిండు. ‘గరుకు తగుల్తలేదు’ అన్నడు. నోటరీ ముద్ర అంటే కాయితం ఎనుకకు తిప్పినా చేతికి తగలాలె అనేది ఆయన మతం. జిరాక్స్ పిల్లగాడు ‘కలర్ల తియ్యమంటవా అంకుల్?’ అని అడిగితే కసిరిండు.

ఇది ముసలోడి మొండితనం అని ఫ్రిస్కో కొడుకు అనుకుంటడు. సర్కారుది కూడ ఇంచుమించు అదే మతం అని వానికి తెల్వదు. 2000 సంవత్సరం ఐటీ చట్టం కంప్యూటర్ కాయితాలకు ప్రాణం పోసింది గని మొదటి షెడ్యూల్ల కొన్నింటిని గడప అవతలనే నిలవెట్టింది. పవర్ ఆఫ్ అటార్నీ, ట్రస్టు, వీలునామ, భూమి ఇండ్ల అమ్మకం ఒప్పందం అందులయే. 2022ల ఆ జాబితను దిద్ది, అమ్మకం ఒప్పందాన్ని లోపలికి రానిచ్చిన్రు. రిజర్వ్ బ్యాంకు లాంటి సంస్థల అదుపుల ఉండే కంపెనీలకు ఇచ్చే పవర్లకు కూడ సడలింపు దొరికింది. చిన్నాయినలకు ఇచ్చే పవర్ మాత్రం గడప బయటనే ఉన్నది. అంటే బ్యాంకును కంప్యూటర్ల నమ్మొచ్చు, చిన్నాయినను నమ్మాల్నంటే కాయితమే కావాలె.

ఇంకొక మాట. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం దేశం బయట రాసిచ్చే పవర్ నోటరీ ముంగటనో, కోర్టు ముంగటనో, జడ్జి, మేజిస్ట్రేటు, భారత కాన్సుల్ ముంగటనో రాసియ్యాలె. ‘ముంగట అన్నడు గని స్క్రీన్ ముంగట అన్నడా?’ అని చిన్నాయిన వాదన. ‘1908ల స్క్రీన్ యాడిది చిన్నాయినా’ అని కొడుకు వాదన. ఇద్దరు రెండు గంటలు కొట్లాడిన్రు. ఐఎస్‌డీ కాలమైతే ఒక గుంట భూమి పైసలు బిల్లుకే పోయేటియి.

ఆఖరికి పాత తొవ్వనే. కొడుకు కాయితం ప్రింటు తీసుకొని సెలవు పెట్టి నిజం నోటరీ దగ్గరికి పోవాలె. ఆ కాయితం ఆస్టిన్ల ఉండే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకు పోయి అపొస్టిల్ అనే ధ్రువీకరణ అతికించుకొని రావాలె. 1961 నాటి హేగ్ ఒప్పందంల మనదేశం చేరి, అది మనకు 2005 జులై 14 నుంచి అమలైంది కాబట్టి, అపొస్టిల్ ఉన్న కాయితం మళ్ల కాన్సులేట్ మెట్లు ఎక్కే పని లేదు.

నోటరీ దగ్గరికి పోయే ముందు చిన్నాయిన రిహార్సల్ పెట్టిండు. ఈడ పొద్దున ఆరు, ఆడ రాత్రి ఏడున్నర. ఫోన్‌ను చెంబుకు ఆనించి ఎదురుంగ కూసున్నడు.

‘ఎడమ చెయ్యి బొటనవేలు చూపియ్యి. అది కుడిది. ఇంకోటి. ఆ. ఫొటో పక్కన ముద్ర వెయ్యి చూస్త.’

ఫ్రిస్కోల నాలుగు బెడ్రూముల ఇంట్ల ఇంకు ప్యాడు ఒక్కటి లేదు. కోడలు లోపలికి పోయి లిప్‌స్టిక్ తెచ్చింది. కొడుకు ముద్రేసి కెమెరాకు చూపిచ్చిండు. చిన్నాయిన నెత్తి పట్టుకున్నడు.

‘ఎర్ర వేలుముద్ర ఏందిరా? పవర్ రాస్తున్నవా, ప్రేమలేఖ రాస్తున్నవా?’

సాక్షుల కాడ మళ్ల పంచాయితి. కొడుకు తన ఆఫీసుల పనిచేసే ఇద్దరిని అనుకున్నడు. ఒకడు మెక్సికో ఆయన, ఒకడు వియత్నాం ఆయన. చట్టానికి అభ్యంతరం లేదు. చిన్నాయినకు ఉన్నది. ‘రేపు తకరారైతే సాక్షిని తోల్కరావాలె గదరా. వియత్నాం నుంచి నల్లగొండకు బస్సున్నదా?’ ఆఖరికి మిర్యాలగూడ రైసుమిల్లోళ్ల పిల్లగాడొకడు, వనపర్తి పిల్లగాడొకడు దొరికిన్రు. చిన్నాయిన ఇద్దరి ఇంటిపేర్లు అడిగి, వనపర్తి పిల్లగాని మేనమామను గుర్తుపట్టి, అప్పుడు ఒప్పుకున్నడు.

అసలు దెబ్బ ఆనాడే ఇంకోటి తగిలింది. కోడలు ఎనుక నుంచి మెల్లగ అన్నది: ‘మామయ్యా, జీపీఏ వద్దట. మా నాన్న ఎస్పీఏ ఇయ్యమంటున్నరు. ఈ ఒక్క తోటకు, ఈ ఒక్క అమ్మకానికే.’

సలహ మంచిదే. పని ఎంతనో పవర్ అంతనే ఉండాలని ఏ వకీలైనా చెప్తడు. చిన్నాయిన మాత్రం మూడు రోజులు ఫోనెత్తలేదు. చాయ్ హోటల్ల కూసొని, ‘నన్ను జనరల్ నుంచి స్పెషల్‌కు దింపిన్రు’ అని వచ్చినోళ్లకల్లా చెప్పిండు. రైళ్లల్ల స్పెషల్ గొప్ప, పవర్లల్ల జనరల్ గొప్ప. ఆ తేడ తెల్వనోడు ఆ హోటల్ల లేడు కాబట్టి అందరు బాధపడ్డరు.

కొరియర్ వచ్చిననాడు అలక పోయింది. కవరు కోసేటప్పుడు చూడాలె ఆయనను. గడ్డం గీసుకునే బ్లేడుతోని ఒక్క పక్క మాత్రమే కోస్తడు, మీది తారీకు చినగకుండ. లోపలి కాయితం కన్న కవరునే పైలంగ దాస్తడు. 1899 స్టాంపు చట్టం ప్రకారం విదేశంల రాసిన కాయితం మనదేశంల అందిన మూడు నెలల లోపల స్టాంపు పడాలె. అందిన తారీకుకు కవరే సాక్షి. ఈ సాక్షి వియత్నాం పోయేది కాదు. తర్వాత జిల్లా రిజిస్ట్రారు తాన కాయితం చూపిచ్చి స్టాంపు కట్టి, చెల్లుబాటు చేయించుకునుడు. అపొస్టిల్ ముద్ర మీద మళ్ల వేలు రుద్ది చూసిండు. ఈసారి తగిలింది.

2020 అక్టోబర్ 29న భూముల పోర్టల్ ధరణి వచ్చిననాడు ఆయనకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు. ఎవుసం భూములు తహసీల్దారాఫీసులనే రిజిస్ట్రేషన్ అంట, స్లాటు కంప్యూటర్ల బుక్కు చేసుకోవాల్నట, ఇగ పవర్లతోని పనేముంటది అనుకున్నడు. తెల్లారి పోయి చూస్తే స్లాటు కంప్యూటర్లదే గని, ఫొటోకు మొకం, ముద్రకు వేలు మనిషియే కావాల్నన్నరు. 2025 ఏప్రిల్ 14న ధరణి పోయి భూభారతి వచ్చింది. చిన్నాయిన ఉండనే ఉన్నడు.

పాలమూరు దిక్కు ఇదే మనిషి కొంచెం వేరే తీరుగ ఉంటడు. ఆడ ఊర్లు ఖాళీ చేసి పోయింది కంప్యూటర్ చదువులకు కాదు, డ్యాములు కట్టనీకి, బొంబాయిల మట్టి మోయనీకి. గల్ఫ్‌కు పోయినోళ్లూ ఉన్నరు. కాన్సులేట్‌కు పోయి సంతకం పెట్టాల్నంటే క్యాంపుల ఉండేటోడికి ఒక రోజు కూలి పోతది. వానికోసం ఆ చిన్నాయిన కాయితంల ఒక్క అచ్చుతప్పు లేకుండ నాలుగు సార్లు చదివిపిచ్చుకొని పంపుతడు. మళ్ల పోవాల్సి వస్తే ఇంకో రోజు కూలి గద. డల్లాస్ టోపీ ఈయన నెత్తికి లేదు గని ఇద్దరిల ఎవరు గొప్ప అని నన్ను అడిగితే, నేను పాలమూరు ఆయనకే ఓటేస్త.

నవంబర్‌ల చిన్నాయినకు ఒక అనుమానం వస్తది. అమెరికాల కొడుకు తాన ఉన్న రిటైర్డ్ అన్న, పింఛన్ కోసం బతికున్నట్టు చూపియ్యాలె. దానికి 2014 నుంచి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉన్నది, ఇప్పుడు ఫోన్ల మొకం చూపిచ్చినా సరిపోతది. ‘బతికున్న అంటే మొకం చాలు. గుంట భూమి అమ్ముత అంటే మొకం చాలదు, ముద్ర గరుకు తగలాలె. అంటే మనిషి కన్న గుంట గట్టిదన్నట్టా?’ జవాబు కోసం ఆగడు, చాయ్ తాగుతడు.

ఇయ్యాళ రేపు ఆయన అమెరికా కొడుకులకు ఫోన్ చేసి పానం సంగతి మరీ ఎక్కువ అడుగుతున్నడని కోడండ్లు మురుస్తున్నరు. షుగర్ ఎంతున్నది, వాకింగ్ పోతున్నవా, కారు నెమ్మదిగ నడుపు. ప్రేమ ఉన్నది, కాదనను. పవర్ ఇచ్చినోడు పోతే పవర్ పోతదనేది కూడ ఆయనకు తెలుసు.

విదేశంల ఉండి పవర్ పంపే కొడుకులకు, బిడ్డలకు ఒక్క మాట. పని అయిపోయినంక ఆ పవర్‌ను కాయితం మీద రద్దు చేసుకోండ్రి. రద్దు చేసిన్నని మనసుల అనుకుంటే చాలదు. చిన్నాయినకు తెలిసేదాక, ఆయనతోని బేరమాడెటోళ్లకు తెలిసేదాక చట్టం దాన్ని రద్దయినట్టు లెక్కవెట్టదు. అందరికీ తెల్వనియ్యండ్రి. మంచి చిన్నాయిన అయితే ఏమీ అనుకోడు. అనుకున్నడా, ఇంకా తొందరగ రద్దు చెయ్యండ్రి.