దేవుడిగారి కాంట్రాక్టు

గుజరాత్‌లోని మోర్బీలో 2022లో తీగల వంతెన కూలిన కేసులో అసలు ముద్దాయి ఎవరో తేలిపోయింది. వంతెన కూలడం దైవేచ్ఛట! దాని నిర్వహణ చూసిన కంపెనీ మేనేజరుగారే కోర్టులో సెలవిచ్చారు. ఇక సమన్లు ఏ లోకానికి పంపాలన్నదే మిగిలింది.

శాఖలవారీగా విచారిద్దాం. ముందు వరుణుడు. ‘మచ్చు నది మీద తేమ నాదే, కాదనను. ఇనుముకి తుప్పు పట్టించడం నా డ్యూటీ. ఆ తుప్పు గోకి గ్రీజు పూయడం మాత్రం నా డ్యూటీ కాదు’ అని సంతకం పెట్టి వెళ్లాడు. విశ్వకర్మ మండిపడుతూ వచ్చాడు. ‘పాత తీగలు అలాగే వదిలేసి, నడిచే చోట నాలుగు పొరల అల్యూమినియం రేకు పరిచారు. బరువు పెంచి, బరువు మోసేదాన్ని మార్చకపోవడం ఏ శాస్త్రంలో ఉందయ్యా? ఆ పని చేసినవాళ్లకి అర్హతే లేదని మీ సర్కారు వకీలే చెప్పాడు. మధ్యలో నా కులదైవం హోదా ఎందుకు చెడగొడతారు?’

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మేం ఇవ్వలేదని మున్సిపాలిటీ అంది గనుక వినాయకుణ్ణి అడిగాం. ‘నా ముందు గుంజీళ్లు తీస్తారు గానీ, సర్టిఫికెట్ ఎవరడిగారు?’ అన్నాడాయన.

పైలోకంలో పని పకడ్బందీగా చేసింది చిత్రగుప్తుడొక్కడే. చనిపోయిన 135 మంది పేర్లు, వయసులతో సహా, ఒక్కటీ వదలకుండా రాసుకున్నాడు.

భూలోకంలోనూ ఒక పని పకడ్బందీగా జరిగింది లెండి. ప్రధాని పరామర్శకు వస్తున్నారని క్షతగాత్రులున్న ఆస్పత్రికి రాత్రికి రాత్రి రంగులేశారు. తాగునీటి కూలర్లు కొత్తవి వచ్చాయి. నెలల తరబడి మూసి ఉంచిన వంతెన మరమ్మతుని మమ అనిపించినవాళ్ల ఊళ్లోనే, ఒక్క రాత్రిలో!

దైవేచ్ఛా, కంపెనీవారూ? గుజరాతీ సంవత్సరాది అని అక్టోబరు 26న గేటు తెరిచింది మీ ఇచ్ఛ. పెద్దలకు 17 రూపాయలు, పిల్లలకు 12 అని టికెట్టు పెట్టింది మీ ఇచ్ఛ. వంతెన ఎందరిని మోయగలదో చూడకుండా, డబ్బిచ్చినవాణ్ణల్లా లోపలికి పంపింది మీ ఇచ్ఛ. నాలుగు రోజులకే, 30వ తేదీన, పిల్లాపాపలతో సహా జనం నదిలో పడ్డారు. రేకు పరచడానికి వచ్చినవాళ్లకి పక్కనే ఉన్న తీగ కనపడలేదా? దాని మీద చెయ్యి వేసి చూడటానికి ఏ దేవుడు దిగిరావాలి? చూడలేదంటే ఒళ్లుబద్ధకం. చూసి కూడా పండగ గిరాకీ పోతుందని ఊరుకున్నారంటే దానికి వేరే పేరుంది, అప్పటి ఐపీసీలో సెక్షనూ ఉంది.

మొదట అరెస్టయిన తొమ్మిదిమందిలో టికెట్లమ్మిన గుమాస్తాలున్నారు, గేటు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ గార్డులున్నారు. అప్పటి ఎఫ్‌ఐఆర్‌లో కంపెనీ పేరు లేదు, యజమాని పేరూ లేదు. అది ఎవరి ఇచ్ఛ?