ఓనర్లూ, బిల్లు కట్టండి!

కోపెన్‌హాగన్ ఒడ్డున సముద్రంలో 2000 సంవత్సరంలో 20 గాలిమరలు నిలబెట్టారు. అందులో సగానికి యజమానులు ఎనిమిది వేలకు పైగా ఉన్న మామూలు జనం. ఈ ముచ్చట చెప్పి, ‘జనమే కరెంటుకు ఓనర్లట!’ అని మన మేధావులు ముక్కున వేలేసుకుంటారు. సిరిసిల్లోళ్లకు అంత ఆశ్చర్యం అక్కర్లేదు. వాళ్లు 1970 నుంచే ఓనర్లు. కాకపోతే ఆ సంగతి ఎన్నికలప్పుడు తప్ప గుర్తుకు రాదు.

1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టాక, దేశంలో ఐదుచోట్ల ప్రయోగంగా విద్యుత్ సహకార సంఘాలు పెట్టారు. అందులో సిరిసిల్ల సెస్ ఒకటి. వాటా కట్టిన వినియోగదారులే సభ్యులు. సంఘం కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఎన్‌పీడీసీఎల్ దగ్గర టోకున కరెంటు కొంటుంది, ఇళ్లకు, మోటర్లకు, మరమగ్గాలకు చిల్లరగా పంచుతుంది. ఇలాంటి సంఘం తెలంగాణ మొత్తంలో ఇదొక్కటే మిగిలింది. ఇంత ఘనత ఉన్నా, మగ్గం మధ్యలో ఆగిందంటే మనం అనే మాట ఒకటే: ‘సెస్సోళ్లు కరెంటు తీసిండ్రు!’ ‘మనం తీసినం’ అన్న ఓనరు ఇంతవరకు పుట్టలేదు.

2022 డిసెంబర్‌లో 15 డైరెక్టర్ పదవులకు ఎన్నికలొచ్చాయి. అప్పుడు చూడాలి ఓనర్ల వైభవం! సహకార ఎన్నికలకు పార్టీలన్నీ అసెంబ్లీ ఎన్నికలంత హంగామా చేశాయి. లైన్ లాస్ ఎంత, బకాయి ఎంత అని అడగాల్సిన నోళ్లు ఏ పార్టీకి ఎన్ని సీట్లని లెక్కేసుకున్నాయి. పదిహేనుకు పదిహేను అప్పటి అధికార పార్టీ మద్దతుదారులే గెలిచారు. ఓనర్లు మళ్లీ బిల్లు కౌంటర్ ముందు లైన్ కట్టారు.

సరే, ఇప్పుడు సూర్యుడి కాలం. కోరుట్లలో పది మంది కలిసి సౌర విద్యుత్ సంఘం పెట్టాలనుకున్నారనుకోండి. మొదటి మీటింగు ఎజెండా: అధ్యక్షుడెవరు? రెండో మీటింగు: ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దది? మూడో మీటింగు: ప్యానెళ్లు ఎవరి భూమిల పెట్టాలె? దీని మీద మాత్రం అందరిదీ ఒకటే మాట: ‘పక్కోని భూమిల.’ గల్ఫ్ నుంచి వచ్చిన అన్న అప్పటిదాకా మౌనంగా విని, ‘నా వాటాకు నెలకెంత వస్తది? చిట్టీల ఏస్తే ఇంతకన్నా ఎక్కువ రాదా?’ అంటాడు. మీటింగు చాయ్‌తో ముగుస్తుంది. చాయ్ బిల్లు మాత్రం సంఘం ఖాతాలోనే.

జగిత్యాల రైతు ఇంకా తెలివైనవాడు. ‘2018 జనవరి నుంచి మోటరుకు 24 గంటల కరెంటు ఫ్రీ. 2024 మార్చి నుంచి ఇంట్ల 200 యూనిట్ల లోపైతే సున్నా బిల్లు. ఇగ సూర్యుణ్ణి తిప్పలు పెట్టుడెందుకే?’ అంటాడు. కాదనగలమా? ఇంటిమీద మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెడితే కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తానంటోంది. కానీ అసలు బిల్లే రానివాడు దేన్ని తగ్గించుకుంటాడు? గుజరాత్‌లోని ఢుండి రైతులు 2016లో సౌర పంపుల సంఘం కట్టారు. నీళ్లు పారించాక మిగిలిన కరెంటును డిస్కంకు అమ్ముకున్నారు. అక్కడ మోటరు ఆపితే పైసలొస్తాయి. మనదగ్గర ఆపినా ఒకటే, ఆపకున్నా ఒకటే. అందుకే ఆటో స్టార్టర్ బిగించి ఇంటికెళ్లి పడుకుంటాం. రాత్రి కరెంటు పోయి వచ్చినా మోటరు దానంతట అదే మొదలు, మడి నిండి ఒడ్డు తెగినా ఆగదు. ఫ్రీ కరెంటు మీద ఆదా పాఠం చెప్పబోతే రైతు చెవిలో దూది పెట్టుకోడు, నవ్వుతాడు.

ఇంత గందరగోళంలో ఒక్క ఆశ ఉంది. మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సౌర కరెంటు పెట్టిస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 చివర్లో చెప్పింది. మంచిదే. మగవాళ్లు సంఘానికి ఫ్లెక్సీ తెస్తారు, ఆడవాళ్లు లెక్క పుస్తకం తెస్తారు. నూరు రూపాయల పొదుపు తేడా వస్తే రాత్రి పదింటిదాకా ఎవరినీ కదలనివ్వని అక్కల చేతికి ప్లాంటు ఇస్తే, యూనిట్ లెక్క తప్పించడం ఏ కాంట్రాక్టరుకూ అంత తేలిక కాదు. అయితే ఒకటే భయం: రిబ్బన్ కత్తిరించేరోజు అక్కలు వెనక వరుసలో, నాయకులు ముందు వరుసలో ఉంటారు. ఆ వరుసలే ఆ తర్వాతా అట్లనే ఉండిపోతే, అది కూడా సెస్ లాగే జనం తమదనుకోని మరో ‘ఆఫీసు’ అయిపోతుంది.

కాబట్టి కోరుట్ల, జగిత్యాల తమ్ముళ్లకు సలహా: సంఘం పెట్టేముందు సిరిసిల్లకు పోయి అర్ధశతాబ్దపు అనుభవం చూసి రండి. ప్యానెళ్లు ఎవరైనా తెచ్చి బిగిస్తారు. ప్యానెల్ మీది దుమ్ము అప్పుడప్పుడూ కడగాలి, దానికి కూలి మనిషి దొరుకుతాడు. లెక్కల మీది దుమ్ము ఏటా మహాసభలో దులపాలి, దానికి మాత్రం ఓనరే రావాలి.